ముప్పై ఏడో వరస

మొదటి రోజు ఆమె మాకు ప్రశ్నలు నేర్పలేదు.
కిసుములో, సరస్సు వైపు కిటికీలున్న గది,
పద్దెనిమిది మందిమి, కొత్త ట్యాబ్‌లూ కొత్త బూట్లూ.
రెసీలా అపోండి వచ్చి చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టి
"ఇవాళంతా 'వద్దు' వినడం నేర్చుకుంటాం" అంది.

ఒకరు అడగాలి, ఒకరు కాదనాలి.
నా వంతుకి ఎదురుగా ఆమే కూర్చుంది.
"వద్దు బాబూ, చేపలు ఆరబెట్టుకోవాలి."
"ఐదే నిమిషాలమ్మా."
"వద్దు."
"మీ మంచికేనమ్మా, మీ రేవుకే..."
"వద్దన్నాగా."
"పోనీ, సాయంత్రం?"
గడియారం చూసి చెప్పింది:
"మొదటి వద్దు దగ్గర్నుంచి నలభై సెకన్లు.
ఈ నలభై సెకన్లూ నువ్వు చేసింది పరిశోధన కాదు,
బేరం."

అడగందే అమ్మైనా పెట్టదంటారు.
అడిగినా పెట్టకుండా ఉండే వీలు అమ్మకుందని
అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు.

రెండో రోజు అంగీకార పత్రం, నాలుగు పేజీలు.
'గోప్యత'ని మా లువోలో ఏమనాలో తేలక
మధ్యాహ్నం దాకా కొట్టుకున్నాం.
రహస్యమంటే తప్పు చేసినట్టుంటుందని ఒకామె అలిగింది.
చివరికి క్యాంటీన్ పెద్దావిడ ఉగాలీ వడ్డిస్తూ
"మూత పెట్టిన కుండ అనండర్రా" అంది.
అదే రాసుకున్నాం. మాకు మేమే చప్పట్లు కొట్టుకున్నాం.

ఆ తర్వాత రేవు.
చేపలమ్మే ఆడవాళ్ల అప్పులు,
ఇంట్లో వాళ్ల మాటకెంత చెల్లుబాటు.
ఒగాడా టీకొట్లో కూర్చుని గంటలో పదకొండు మందిని పూర్తి చేశాడు.
అందరికీ ముగ్గురేసి పిల్లలు.
రెసీలా కేకలెయ్యలేదు.
వాళ్లలో ఒక్కరి చేతులెలా ఉన్నాయో చెప్పమంది.
మర్నాడు అతను రాలేదు.

నా ముప్పై ఏడో మనిషి
వల మీద సన్న చేపలు పరుస్తూ గంటసేపు మాట్లాడింది.
మొగుడు పోయాక పడవ మీద ఎవరెవరు చెయ్యేశారో,
బావగారు ఏ రాత్రి తలుపు తట్టాడో,
ఏమిచ్చి తెడ్డు నిలబెట్టుకుందో.
"మీ పేరు రాయనమ్మా" అన్నాను.
నవ్వింది.
"మరేం రాశావు? చదువు."
చదివాను.
స్త్రీ. నలభై ఆరు. వితంతువు. పడవ యజమాని. కొడియాంగ్ రేవు.
చేపల మీద వాలబోయిన కొంగను తోలి
"ఈ రేవులో పడవున్న ఆడవాళ్లెంతమంది?" అంది.
లెక్కపెట్టబోయాను.
ఒకటి దగ్గరే అయిపోయింది.
"పేరు తీసేశానన్నావు. మరి ఇదెవరు?"

మూత గురించే ఆలోచించాం గానీ
కుండకి చిల్లుందేమో చూసుకోలేదు.

"ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవచ్చని
నువ్వే చదివావు కదా, మొదటి పేజీలో.
తీసుకుంటున్నాను."
మళ్లీ చేపల్లోకి వంగింది.
నాకు నోటి దాకా వచ్చింది, పోనీ వయసు మారుస్తానని.
గదిలో గడియారం గుర్తొచ్చింది.

సాయంత్రం రెసీలాతో అన్నాను:
"అరవై మంది కావాలి. ఒకటి తగ్గుతుంది."
"తగ్గనీ. తీసేయ్. తీసేశానని కూడా రాయ్."
"గంటసేపు విన్నది?"
చాలాసేపు సరస్సు వైపు చూసింది.
"దానికి గడి లేదు, ఒకిన్యీ.
అది నువ్వే మొయ్యాలి."

నివేదికలో యాభై తొమ్మిది అనుంది.
అట్టడుగున, చీమలంత అక్షరాల్లో:
ఒకరు విరమించుకున్నారు.
నేను రాసిన మొత్తంలో
నాకు నచ్చిన వాక్యం అదొక్కటే.

ఇక్కడ రేవు పేరు నేను కల్పించింది.
వయసు ఆమెది కాదు.
అది అసలు పడవో కాదో కూడా చెప్పను.
నవ్విందన్న మాట ఉంచనా, కొట్టెయ్యనా అని
ఆదివారం వెళ్లి అడగాలి.
అందాకా ఈ కాగితం మీద
పళ్లెం బోర్లించి పెడుతున్నాను.